ఇంకా పదకొండు అడుగులు

1986 నవంబరులో నన్ను నిజామాబాదు పట్టణం నుంచి బోధన్ వైపున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా బి.ఎడ్. అసిస్టెంటు, సబ్జెక్టు సాంఘిక శాస్త్రం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం మూడూ నావే. ఊరి పేరు రాయను. ఆ పక్క వాళ్ళకు చదవగానే తెలిసిపోతుంది, మిగతావారికి తెలియకపోయినా నష్టం లేదు.

ఊరు కాలువ గట్టున ఉండేది. నాలుగు వీధులు, నాలుగూ తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉండేవి. మిగతా మూడు దిక్కులా చెరుకు. సైకిలు మీద వెళ్తుంటే ఊరి మొగదలకు వచ్చేదాకా ఒక్క ఇల్లు కూడా కనపడదు, చెరుకు ఆకుల గరగర తప్ప ఏమీ వినపడదు. సీజన్లో గాలి అటు తిరిగితే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన క్లాసు గదుల్లోకి వచ్చేది. పట్నం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి మొదటి వారం ముక్కు మూసుకున్నాను, రెండో వారం నుంచి అలవాటైంది.

జనవరిలో ఏడో తరగతికి పటాల పాఠం వచ్చింది. చాలామంది ఉపాధ్యాయులు గోడకు పటం తగిలించి బెత్తంతో నదులు చూపించి ముగిస్తారు. నేను అలా చేసే రకం కాదు. కాదని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ముందు అడుగులతో దూరం కొలవడం, తర్వాత దిక్కులు, తర్వాత స్కేలు, అంటే నేలమీది వంద అడుగులను కాగితం మీద ఒక అంగుళంగా చూపించడం, చివరికి ఎవరి ఊరి పటం వాళ్ళు గీయడం. ఇదీ నా పద్ధతి.

తరగతిలో ముప్పై నాలుగు మంది. అందులో పదిహేడు మంది ఆ ఊరి పిల్లలు, మిగిలినవాళ్ళు చుట్టుపక్కల రెండు ఊళ్ళ నుంచి నడిచి వచ్చేవాళ్ళు. మొదటి రోజు బడి వరండాను అడుగులతో కొలవమన్నాను. పక్క ఊళ్ళ పిల్లలకు నలభైకి అటూ ఇటూగా లెక్క వచ్చింది. ఈ ఊరి పదిహేడు మందికీ ఇరవై ఆరే వచ్చింది. ఒక్కరికీ తేడా లేదు. మళ్ళీ నడవమని చూశాను. నడుము కాస్త ముందుకు వంచి, కాలు బాగా సాగదీసి, ఆగి ఆగి వేస్తున్నారు. పన్నెండేళ్ళ పిల్లలు ముసలివాళ్ళ నడక నడుస్తున్నారు. ఇదేం నడక అని అడిగితే ముందు వరుసలో ఉన్న గంగామణి చెప్పింది: "గది పెద్దోళ్ళ అడుగు సార్. లెక్కవెట్టేటప్పుడు గట్లనే ఏస్తం."

గంగామణి క్లాసులో అందరికంటే చెప్పిన మాట వినే పిల్ల. చెప్పిన పని చెప్పినట్టే చేసేది, దానికి ముందూ వెనకా చూసేది కాదు. అలాంటి పిల్లలంటే మాకు ఇష్టం. ఎందుకు ఇష్టమో అప్పట్లో నేనెప్పుడూ ఆలోచించలేదు.

వారం తర్వాత ఊరి పటాలు తెచ్చారు. దిద్దడానికి ఇంటికి తీసుకుపోయి, పక్క ఊళ్ళవి ఒక కట్ట, ఈ ఊరివి ఒక కట్ట చేసి కూర్చున్నాను. ఈ ఊరి పటాలు పదిహేడూ ఒకేలా ఉన్నాయి. అది నాకు కొత్త కాదు, ఒకడు గీస్తే పదహారు మంది దించుతారు. వింత ఏమిటంటే అది ఈ ఊరి పటం కాదు. నాలుగు తిన్నని వీధులు లేవు, కాలువ లేదు, బడి కూడా లేదు. పడమర పక్క గౌని ఉంది, అంటే పాత ఊళ్ళకు ఉండే రాతి వాకిలి. అక్కడి నుంచి ఒకే ఒక్క గల్లీ వంకరటింకరగా దిగుతుంది. మధ్యలో బురుజు, దాని పక్కన మొహర్రం పీరీలను ఉంచే పీరీల కొట్టం, చివర ఏరు. ఈ ఊళ్ళో బురుజూ లేదు, ఏరూ లేదు.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పదిహేడు మందినీ బెంచీకొకరిని దూరదూరంగా కూర్చోబెట్టి, ఉత్త కాగితాలిచ్చి, మళ్ళీ గీయమన్నాను. వాళ్ళ మధ్య తిరుగుతూ కాపలా కాశాను. ఒక్కరూ పక్కకు చూడలేదు. ముప్పావు గంటలో అందరూ గౌనితో మొదలుపెట్టి, అదే గల్లీని అదే మలుపులతో ఏటిదాకా దించారు. అప్పటికి నా కోపం పోయింది. దాని చోట ఏదో గుబులు పట్టుకుంది. ఇది ఏ ఊరు అని అడిగాను.

"మా ఊరే సార్."

మీ ఊరు ఇది కదా అని కిటికీలోంచి చూపించాను.

"గిది కొత్తూరు సార్," అన్నారు నలుగురైదుగురు. "ఊరంటే గదే."

ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారికి పటాలు చూపించాను. ఆయన పక్క ఊరివారు, అక్కడి సంగతులు ఎరిగినవారు. నవ్వకుండా చెప్పారు. ఈ ఊరివాళ్ళ పాత ఊరు నిజాంసాగర్ కట్టినప్పుడు మునిగిపోయింది. సర్కారు వాళ్ళను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది. వాళ్ళ ఊరిని ముంచిన నీళ్ళే కాలువలో వచ్చి వాళ్ళ చెరుకుకు పారుతున్నాయి. పాత ఊరిని చూసిన ముసలివాళ్ళు ఇంకా ఆరేడుగురు ఉన్నారు. ఏటా పెత్రమాస నాడు, అంటే పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, వీళ్ళు ఊరి బయట కళ్లంలో పాత ఊరి గల్లీలను సున్నంతో గీస్తారు. నడక నేర్చిన ప్రతి పిల్లనూ గౌని దగ్గర నిలబెట్టి, కళ్ళు మూయించి, అడుగులు లెక్కపెట్టిస్తూ వాళ్ళ వాళ్ళ ఇంటిదాకా నడిపిస్తారు. మధ్యలో కళ్ళు తెరిస్తే మళ్ళీ గౌని నుంచి మొదలు. చనిపోయినవాళ్ళు పాత ఊళ్ళోనే ఉంటారని, సరైన వాకిట నిలబడి పేరు చెప్పకపోతే ఆ బువ్వ వేరేవాళ్ళ ఇంటికి పోతుందని వాళ్ళ నమ్మకం. హెడ్మాస్టరు గారు విన్నదే చెప్పారు. ఆ తంతుకు బయటివాళ్ళను పిలవరు.

భయపడాల్సింది పోయి నేను సంబరపడ్డాను. ఆ సంబరంలో ఎక్కువ భాగం నా మీద నాకే. జిల్లా స్థాయి సాంఘిక శాస్త్ర ప్రదర్శన అప్పట్లో నిజామాబాదులో జరిగేది, దానికి పంపడానికి ఇంతకంటే గొప్ప ప్రాజెక్టు ఎవరికి దొరుకుతుంది? ముందు రుజువు కావాలనుకున్నాను. మా డ్రిల్లు మాస్టారు ఖలీల్ గారికి ఉర్దూ బాగా వచ్చు. ఇద్దరం కలిసి మండలాఫీసు రికార్డు గదికి వెళ్ళి, నిజాం కాలపు గుడ్డ నక్షాలను ఒక పూటంతా విప్పి చూశాం. నక్షా అంటే సర్వే చేసి గీసిన ఊరి పటం. మునిగిన ఊరి నక్షా దొరికింది. దాని పక్కన పిల్లల కాగితం పరిచాం. ఖలీల్ గారు వేలు పెట్టి పీరీల కొట్టం దాకా వచ్చి ఆగిపోయారు. "గీ మలుపు సూడుండ్రి సార్. బిల్కుల్ అదే," అని, వేలు వెనక్కు తీసుకుని, "పోదాం, నాకు మంచిగనిపిస్తలేదు," అన్నారు. గుడ్డ మీద ఉర్దూ రాత తప్ప రెండింటికీ తేడా లేదు.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. మార్చి చివరికి జలాశయం బాగా వెనక్కు పోయిందని, పాత ఊళ్ళ మొండిగోడలు బయటపడ్డాయని బస్సులో అనుకుంటుంటే విన్నాను. పిల్లలను తీసుకుపోతానని దరఖాస్తు పెట్టాను. బయట యాత్రలకు హెడ్మాస్టరు సిఫారసు మీద ఉప విద్యాధికారి అనుమతి ఇవ్వాలి. ఉప విద్యాధికారి అంటే ఒక డివిజన్ బడులన్నింటి మీదా అధికారి. అనుమతి వచ్చింది. పిల్లలను నీళ్ళలో దిగనివ్వరాదన్న షరతు అందులో ఉంది. చదివి సంతకం చేశాను.

వెళ్ళే ముందు రోజు గంగామణి నాయనమ్మ రాజవ్వ బడికి వచ్చింది. పాత ఊళ్ళో పుట్టిన ఆరేడుగురిలో ఆమె ఒకరు. లోపలికి రమ్మంటే రాలేదు, వరండా మెట్టు మీదే నిలబడింది.

"పిల్లలను తోల్కపో సారూ, సూపియ్యి. నేనద్దనను. గని ఎవలింటి కాడికి ఆళ్ళను పొమ్మని మాత్రం అనకు. గౌని కాడ నిలవెట్టి తోల్కరా."

అలాగే అవ్వా అన్నాను. ముసలివాళ్ళ పట్టింపు అనుకున్నాను. ఎందుకు అని అడగలేదు. క్లాసులో రోజుకు పదిసార్లు 'ఎందుకు అని అడగండిరా' అని పిల్లలను విసిగించేవాణ్ణి నేనే.

ఏప్రిల్ మొదటి ఆదివారం, పొద్దున మొదటి బస్సులో బయలుదేరాం. పదిహేడు మంది పిల్లలు, ఖలీల్ గారు, నేను. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచాం. చెట్టు లేదు, పిట్ట లేదు. నెర్రెలిచ్చిన ఒండ్రు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంది. ఆ మధ్యలో మోకాలెత్తు మొండిగోడలు. దూరంగా తెల్లగా మెరుస్తున్న నీళ్ళు. పిల్లలు బస్సులో చేసిన గోల అంతా అక్కడికి రాగానే ఆగిపోయింది. ఎవరూ దారి చూపించకుండానే రెండు పెద్ద రాళ్ళ దగ్గరికి వెళ్ళి వరుసగా నిలబడ్డారు. అది గౌని. నా చేతిలో నక్షా నకలు ఉంది కాబట్టి నాకు తెలిసింది. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు.

చెప్పిన మాట ప్రకారం అక్కడితో ఆపాల్సింది. కానీ నా అట్ట మీద ఉత్త కాగితం ఉంది, పెన్సిలు చెక్కి ఉంది, పదిహేడు ఇళ్ళ గుర్తులు పెట్టడానికి చోటు సిద్ధంగా ఉంది. గౌని రాయి ఎక్కి నిలబడి, క్లాసు గొంతుతో ఆజ్ఞ ఇచ్చాను: "ఎవరి ఇంటి దగ్గరికి వాళ్ళు పోయి నిలబడుండ్రి. ఇంటి కాడికి పోయేదాకా ఆగొద్దు. ఈల ఊదేదాకా కదలొద్దు."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు.

ఒకటి, రెండు, మూడు అంటూ పదిహేడు గొంతులు కలిసి బయలుదేరాయి. ముసలి నడకలతో, ఒక బారున, లేని గల్లీలో, ఉన్న గల్లీలో నడిచినట్టే వంపులు తిరుగుతూ దిగారు. నలభై దగ్గర ఒకడు ఎడమకు తిరిగి ఒక గడప రాయి మీద నిలబడ్డాడు. వాడి గొంతు ఆగిపోయింది. యాభై ఎనిమిది దగ్గర ఇద్దరు ఆగారు. ఒక్కొక్క గొంతే తగ్గిపోతుంటే, ఆ బయలులో నిలబడ్డ పిల్లలు కళ్ళు మూసుకుని, చేతులు వేలాడేసి, ఒక్కో మొండిగోడ ముందు ఒక్కొక్కరు. నేను మాత్రం తల వంచుకుని గుర్తులు పెడుతున్నాను. పద్నాలుగు, పదిహేను, పదహారు. చాలా సంతోషంగా ఉన్నాను.

పదిహేడో గుర్తు పెట్టాలని చూస్తే లెక్క ఇంకా వినపడుతోంది. ఒక్కటే గొంతు, కింద నుంచి, దూరంగా. నూట తొంభై, నూట తొంభై ఒకటి. తలెత్తాను. నడిచే నేల అయిపోయి చాలాసేపయింది. గంగామణి మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. ముసలి నడకే నడుస్తోంది, ఆగి ఆగి. కళ్ళు మూసే ఉన్నాయి.

అరిచాను. గాలి ఎదురుగా ఉంది. ఖలీల్ గారు ఈల ఊదారు, మళ్ళీ మళ్ళీ ఊదారు. పదహారు మందీ కళ్ళు తెరిచారు. గంగామణి తెరవలేదు. ఇంటికి చేరాక కదలడానికి పెట్టుకున్న గుర్తు అది, ఆమె ఇంకా చేరలేదు. ఇద్దరం పరుగెత్తాం. తడి ఒండ్రులో ఖలీల్ గారి కాలు పిక్కల దాకా దిగింది, నాకు మోకాలి దాకా. లాగితే రావడం లేదు. నడుము దాటి, పొట్ట దాటి, నీళ్ళు ఆమె చంకల్లోకి వచ్చాయి. రెండు వందల ఇరవై దాటింది లెక్క. ఆ పిల్ల చనిపోతుందని, చంపింది నేనేనని నాకు అక్కడే, ఆ బురదలో, పూర్తిగా అర్థమైంది.

అప్పుడు వెనక నుంచి పోసాని అనే పిల్ల గట్టిగా అరిచింది. "గంగామణీ, ఇల్లొచ్చింది!"

వెంటనే మిగతా పదిహేను మందీ అందుకున్నారు. "ఇల్లొచ్చింది! ఇల్లొచ్చింది!"

గంగామణి ఆగింది. కళ్ళు తెరిచింది. చుట్టూ నీళ్ళను చూసింది కానీ అరవలేదు.

కళ్లంలో పిల్ల తన ఇంటి గుర్తు దగ్గరికి రాగానే పెద్దవాళ్ళు అనే మాట అదేనట. ఆ మాట వింటే ఆగాలి. హెడ్మాస్టరు గారికి తెలియని సంగతి అదొక్కటే. నాకు తెలిసి ఉంటే నేనే అరిచేవాణ్ణి. ఖలీల్ గారు ఎలాగో కాలు లాక్కుని, ఈదుకుంటూ వెళ్ళి ఆమెను తెచ్చారు. గట్టున కూర్చోబెట్టి, నీళ్ళు తగలలేదా, కళ్ళు ఎందుకు తెరవలేదు అని అడిగాను.

"నీళ్ళు తెల్సినయి సార్. మీరు ఇంటి కాడికి పోయేదాకా ఆగొద్దన్నరు గద." అని, పోసాని వైపు తిరిగి ఏడుపు మొదలుపెట్టింది. "ఇల్లు రాలే. అబద్ధం చెప్పిండ్రు. ఇంకా పదకొండు అడుగులున్నయి."

సాయంత్రం తడి ఆరిన బట్టలతో ఆమెను ఇంటికి తీసుకుపోయి, రాజవ్వ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఏడ ఆగింది?"

రెండు వందల ఇరవై తొమ్మిది దగ్గర అన్నాను.

"ఇంక నాలుగడుగులేస్తే మా వాకిట్ల బాయి సారూ. దాని పక్కకెల్లి మలిగి ఇంట్లకు పోవాలె. కళ్లంల గా కాడ నేను చెయ్యి వట్టి మలుపుత. ఆడ నేను లేను గద."

ఆ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదు అని నోటిదాకా వచ్చింది. అది నా మొహంలో కనపడి ఉండాలి.

"నువ్వడగలే," అంది రాజవ్వ. "సదువుకున్నోనివి, ఎర్కనే ఉంటదనుకున్న."

జరిగింది నేనే రాసి హెడ్మాస్టరు గారికి ఇచ్చాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఏడాదిపాటు ఆపారు. అది న్యాయమే. పటం ప్రదర్శనకు పంపలేదు.

ఆ సంవత్సరం పెత్రమాసకు రాజవ్వ కబురు పంపింది. బయటివాళ్ళను పిలవని చోటికి నన్నెందుకు పిలిచిందో ఈసారి అడిగాను. చూస్తే తెలుస్తదన్నది. కళ్లంలో సున్నం గీతలు, వరుసగా పిల్లలు. గంగామణి వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని, అదే నడకతో, లెక్కపెడుతూ దిగింది. రెండు వందల ఇరవై తొమ్మిది దగ్గర తనంతట తాను ఆగిపోయింది. ఇంటి గుర్తు ముందర కనపడుతూనే ఉంది. రాజవ్వ చెయ్యి పట్టడానికి ముందుకు రాలేదు, ఇల్లొచ్చింది అనీ అనలేదు. గిన్నెలో బియ్యం తెచ్చి, గంగామణి నిలబడ్డ చోటే కింద పెట్టి, ముందున్న ఖాళీ నేల వైపు చూస్తూ పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. వాళ్ళే పదకొండు అడుగులు ఎదురొచ్చి తీసుకోవాలట.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పి 2007లో పదవీ విరమణ చేశాను. పిల్లలను బయటికి తీసుకుపోయిన ప్రతిసారీ ముందు రోజు ఒక్కణ్ణే వెళ్ళి, నేను ఇవ్వబోయే ఆజ్ఞ ఎక్కడ ముగుస్తుందో అక్కడిదాకా నడిచి చూసి వచ్చేవాణ్ణి. చెప్పిన మాట వినే పిల్లలను కొంచెం ఎక్కువ కనిపెట్టి ఉండేవాణ్ణి. ఎవరైనా వద్దంటే ఎందుకో అడిగేవాణ్ణి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది అంతే, అదీ ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్నాను. ఆ పటం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో పదహారు ఇళ్ళున్నాయి. పదిహేడో గీత చివర ఇల్లు గుర్తు పెట్టలేదు.